చూసిన కన్ను, తాకిన చేయి: శవశైథిల్య జ్ఞానచరిత్ర – ఒక పరిశీలన

వ్యాస సంగ్రహం:
మరణానంతరం మానవశరీరం శిథిలమయ్యే క్రమాన్ని గురించిన జ్ఞానం ప్రధానంగా మూడు అవసరాల నుంచి పెరిగింది. అవి వైరాగ్యసాధన, శరీరరచనాశాస్త్రం, న్యాయవిచారణ. ఈ మూడింటిలోనూ శవాన్ని చూసి రాసినవారు ఒకరు, తాకి పనిచేసినవారు మరొకరు. ఈ ఎడం తగ్గినచోట జ్ఞానం ముందుకు సాగిందనీ, పెరిగినచోట గ్రంథంలోని మాట పరీక్షకు నిలవకుండానే చలామణి అయిందనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. బౌద్ధ గ్రంథాలు, సుశ్రుతసంహిత, అర్థశాస్త్రం, చైనా న్యాయాధికారి సోంగ్ త్సి రచన, ఐరోపా న్యాయవైద్యం, వలసపాలన నాటి భారతీయ వైద్యగ్రంథాలు ఇందుకు ఆధారాలు.

కీలక పదాలు: శవశైథిల్యం, అశుభభావన, ఆశుమృతకపరీక్ష, న్యాయవైద్యం, శవ పంచనామా, స్పర్శ, కులవృత్తి.

1. ఉపోద్ఘాతం

మరణాన్ని చెప్పడానికి తెలుగులో ఉన్న మాటల్లో కొన్ని శరీరం ఏమవుతుందో కూడా చెబుతాయి. 'పంచత్వం పొందడం' అంటే దేహం తన మూలమైన ఐదు భూతాలుగా విడిపోవడం. 'పార్థివ దేహం' అనే మాటలో పృథివి ఉంది. 'మట్టిలో కలిసిపోవడం' వాడుకలోని మాట. ఇవి శైథిల్యం చివర ఏం మిగులుతుందో చెప్పే పదాలు. 'శవం కట్టెలా బిగుసుకుపోయింది' అనే మాట అలాంటిది కాదు. అది మరణించిన కొన్ని గంటల్లో కండరాలు గట్టిపడడాన్ని చేత్తో తాకి తెలుసుకున్నవారి మాట. మొదటి రకం పదాలు తత్త్వచింతన నుంచి వస్తే, రెండో రకం పదాలు పని నుంచి వచ్చాయి.

శవానికి స్నానం చేయించడం, మోయడం, పాతిపెట్టడం, కాల్చడం వంటి పనులు అన్ని సమాజాల్లోనూ ఎవరో ఒకరు చేశారు. శైథిల్యాన్ని గురించి రాసినవారిలో అధికులు ఆ పనులు చేసినవారు కారు. ఈ విభజన జ్ఞానం మీద, న్యాయం మీద ఎలాంటి ప్రభావం చూపిందన్నది ఈ వ్యాసంలోని ప్రధాన ప్రశ్న.

2. శైథిల్య క్రమం

చరిత్రలోకి వెళ్ళేముందు, ఈనాటి శాస్త్రం చెప్పే క్రమాన్ని సంగ్రహంగా చూడాలి. గుండె ఆగిన తరువాత శరీరం క్రమంగా పరిసరాల ఉష్ణోగ్రతకు చేరుతుంది. ప్రసరణ లేని రక్తం భూమ్యాకర్షణ వల్ల కింది భాగాలకు దిగి, చర్మం మీద ఊదారంగు మచ్చలుగా కనిపిస్తుంది. కండరాలు సడలడానికి అవసరమైన శక్తినిచ్చే రసాయనం తరిగిపోవడంతో అవి బిగుసుకుంటాయి. దీనినే రిగర్ మార్టిస్ లేదా శవకాఠిన్యం అంటారు. ఇది సాధారణంగా కనురెప్పల్లో, దవడలో ముందుగా తెలుస్తుంది. తరువాత మెడ, చేతులు, కాళ్ళ వరకు వ్యాపిస్తుంది. ఈ క్రమాన్ని 1811లో ఫ్రెంచి వైద్యుడు నీస్టెన్ వర్ణించాడు.

ప్రాణవాయువు అందని కణాలు తమలోని ఎంజైముల వల్ల తామే కరిగిపోవడం మొదలవుతుంది. జీర్ణరసాలు ఉండే జీర్ణాశయం, క్లోమం ముందుగా దెబ్బతింటాయి. ఆ తరువాతి దశ కుళ్ళడం. బతికున్నప్పుడు పేగుల్లో అదుపులో ఉన్న బ్యాక్టీరియా ఇప్పుడు శరీరమంతటా వ్యాపిస్తుంది. బయటికి కనిపించే తొలి గుర్తు సాధారణంగా పొత్తికడుపు కుడివైపున ఏర్పడే ఆకుపచ్చని మచ్చ. పెద్దపేగు మొదలయ్యే భాగం అక్కడ చర్మానికి దగ్గరగా ఉండడం, అక్కడ పుట్టిన హైడ్రోజన్ సల్ఫైడు రక్తంలోని హిమోగ్లోబిన్‌తో కలవడం ఇందుకు కారణాలు. వాయువులు నిండి దేహం ఉబ్బుతుంది. రక్తనాళాల దారులు చర్మం మీద పచ్చని గీతల్లా తేలుతాయి. పైచర్మం ఊడుతుంది. ఈగలు తమకు అందుబాటులో ఉన్న శవం మీద కొద్దిసేపట్లోనే గుడ్లు పెట్టగలవు. మృదుకణజాలం పోయాక ఎముకలు, దంతాలు, వెంట్రుకలు మిగులుతాయి.

ఈ దశల వరుస చాలావరకు స్థిరమే. వాటి వేగం మాత్రం వేడిమి, తేమ, గాలి, నేల, దుస్తులు, శరీరస్థితి, కీటకాలు మొదలైనవాటిని బట్టి మారుతుంది. తడి ఎక్కువగా, గాలి తక్కువగా ఉన్నచోట కొవ్వు మైనంలాంటి పదార్థంగా మారి దేహాన్ని చాలాకాలం నిలపవచ్చు. పొడి వేడిలో శవం కుళ్ళకుండా ఎండిపోవచ్చు. వరుస తెలిసినంత మాత్రాన కాలం తెలిసినట్లు కాదు. తరువాతి చరిత్రలో వచ్చిన వివాదాలలో చాలావాటికి మూలం ఈ తేడాయే.

3. గ్రంథానికి ముందు ఉన్న జ్ఞానం

దక్షిణ భారతదేశంలోని మహాశిలా సమాధుల్లో కొన్ని ద్వితీయ ఖననానికి చెందినవి. వాటిలో పూర్తి అస్థిపంజరం ఉండదు. మాంసం పోయిన తరువాత సేకరించిన కొన్ని ఎముకలే ఉంటాయి. 1947లో మార్టిమర్ వీలర్ తవ్వకాలు జరిపిన కర్ణాటకలోని బ్రహ్మగిరి ఇందుకు ప్రసిద్ధమైన ఉదాహరణ. తెలుగునాట ఇలాంటి మహాశిలా నిర్మాణాలను జనం రాకాసిగుళ్ళనీ, పాండవగుళ్ళనీ పిలుస్తారు. ద్వితీయ ఖననం చేసే సమాజానికి శవం ఎముకలుగా మారడానికి ఎంతకాలం పడుతుందో, ఎప్పుడు ఏరుకోవచ్చో తెలిసి ఉండాలి. ఆ జ్ఞానం అక్షరాల్లో మిగలలేదు. ఎముకల అమరికలో మాత్రమే మిగిలింది.

తెలుగు ఇళ్ళలోని ఆచారాలు కూడా ఇలాంటి జ్ఞానానికే ఆనవాళ్ళు. మరణించిన వెంటనే కళ్ళు మూయడం, దవడ జారకుండా గుడ్డతో తలకు కట్టడం, కాళ్ళు చాపి బొటనవేళ్ళను కలిపి కట్టడం నేటికీ చాలాచోట్ల చేస్తారు. వీటికి మతపరమైన కారణాలు చెప్పవచ్చు. అయితే శవకాఠిన్యం ముందుగా తెలిసే భాగాలు కనురెప్పలు, దవడ అన్న విషయాన్ని గమనిస్తే, ఆలస్యమైతే ఈ పని సాధ్యం కాదని అనుభవంతో తెలిసినవారే ఈ వరుసను పాటించి ఉంటారనిపిస్తుంది. నీస్టెన్ రాసినదానిలో కొంత భాగం ఇళ్ళలోని పెద్దలకు పనిగా తెలుసు.

4. శ్మశానంలో చూపు: బౌద్ధ సంప్రదాయం

శైథిల్య దశలను వరుసగా పేర్కొన్న భారతీయ రచనల్లో పాళీ బౌద్ధ గ్రంథాలు ముఖ్యమైనవి. సతిపట్ఠాన సుత్తంలో భిక్షువు భావించవలసిన తొమ్మిది శ్మశాన దృశ్యాలున్నాయి. ఒకటి రెండు మూడు రోజులై ఉబ్బి, నీలిరంగు తిరిగి, చీము కారుతున్న శవంతో ఆ వరుస మొదలవుతుంది. కాకులు, గద్దలు, కుక్కలు, నక్కలు తింటున్న దేహం, నెత్తురూ మాంసమూ అంటుకొని ఉన్న అస్థిపంజరం, చెల్లాచెదరైన ఎముకలు, తెల్లబడిన ఎముకలు అనే దశలు దాటి, చివరికి పొడి అయిన ఎముకలతో ముగుస్తుంది.

క్రీ.శ. 5వ శతాబ్దిలో సింహళంలో బుద్ధఘోషుడు రచించిన విసుద్ధిమగ్గం పది అశుభాలను వివరిస్తుంది. ఉబ్బినది, నీలి తిరిగినది, చీము కారునది, పురుగులు పట్టినది, అస్థి వంటివి వాటిలో ఉన్నాయి. బుద్ధఘోషుడు ఆంధ్రదేశానికి చెందినవాడని కొందరు పండితుల అభిప్రాయం. ఆ విషయం ఎలా తేలినా, ఈ వర్గీకరణలోని పరిశీలన మాత్రం నిశితమైనది.

ఈ పరిశీలనకు ఒక హద్దు ఉంది. భిక్షువు కోరేది దేహం మీద విరక్తి. శవం ఎప్పుడు మరణించింది, ఎందుకు మరణించింది అన్న ప్రశ్నలు అతనికి అక్కరలేదు. అందువల్ల దశల వరుస దొరికింది గాని, వేగాన్ని నిర్ణయించే కారణాల విచారణ జరగలేదు. ఇది కన్ను సంపాదించిన జ్ఞానం. చేయి ఇందులో ప్రవేశించలేదు.

5. కుంచె, నూనె: సుశ్రుతుడు, కౌటిల్యుడు

సుశ్రుతసంహిత శారీరస్థానంలోని ఐదవ అధ్యాయం శైథిల్యాన్ని ఒక పనిముట్టుగా వాడుకుంది. అవయవాలన్నీ ఉన్న, విషం వల్ల గాని దీర్ఘవ్యాధి వల్ల గాని మరణించని, మరీ వృద్ధుడు కాని మనిషి శవాన్ని ఎంచుకోవాలి. పేగులలోని మలాన్ని తీసివేయాలి. ముంజగడ్డి, నార, దర్భ వంటివాటితో చుట్టి, పంజరంలో ఉంచి, జనసంచారం లేనిచోట పారే నీటిలో నానబెట్టాలి. ఏడు రాత్రుల తరువాత బయటికి తీసి, వట్టివేరు, వెంట్రుకలు, వెదురు మొదలైనవాటితో చేసిన కుంచెతో మెల్లగా రుద్దుతూ, చర్మం మొదలుకొని లోపలి అవయవాల వరకు ఒక్కొక్క పొరను కంటితో చూడాలి. ప్రత్యక్షంగా చూసినదీ, శాస్త్రంలో చదివినదీ కలిస్తేనే జ్ఞానం పెరుగుతుందని ఆ గ్రంథం స్పష్టంగా చెబుతుంది.

ఇక్కడ కత్తి చేయవలసిన పనిని కుళ్ళడం చేస్తోంది. చేతికీ శవానికీ మధ్య కుంచె ఉంది. అయినా విద్యార్థి శవం దగ్గరికి వచ్చాడు. ప్రాచీన భారతీయ వైద్యంలో ఇది పెద్ద అడుగు. అంటు, అశౌచ భావనలు బలపడిన తరువాతి కాలంలో గ్రంథపఠనం కొనసాగింది గాని, ఈ పద్ధతి వైద్యవిద్యలో నిలిచిన ఆచరణగా కొనసాగలేదు. శవచ్ఛేదం తిరిగి వైద్యవిద్యలో భాగం కావడానికి 1836 వరకు ఆగవలసి వచ్చింది. ఆ సంవత్సరం కలకత్తా వైద్య కళాశాలలో మధుసూదన గుప్త శవచ్ఛేదం చేశాడు. అంతకుముందు ఆయన ఆయుర్వేద పండితుడు కావడం గమనార్హం.

అర్థశాస్త్రం నాలుగవ అధికరణంలోని 'ఆశుమృతకపరీక్ష' న్యాయవిచారణకు సంబంధించినది. హఠాత్తుగా మరణించినవారి శవానికి నూనె పూసి పరీక్షించాలని కౌటిల్యుడు విధించాడు. మలమూత్రాలు వెలువడడం, గాలితో ఉబ్బిన పొట్ట, వాచిన కాళ్ళూ చేతులూ, తెరుచుకున్న కళ్ళు, గొంతు మీద గుర్తులు ఉంటే ఊపిరాడకుండా చంపినట్లు భావించాలన్నాడు. నీటిలో మునిగి చనిపోయినవారికీ, విషం వల్ల చనిపోయినవారికీ వేరువేరు లక్షణాలు చెప్పాడు. నేటి జ్ఞానంతో చూస్తే వీటిలో ఒక చిక్కు ఉంది. ఉబ్బిన పొట్ట, వాచిన అవయవాలు కుళ్ళడం వల్ల కూడా ఏర్పడతాయి. మరణకారణాన్ని తెలిపే గుర్తునూ, మరణానంతరం ఏర్పడిన మార్పునూ ఈ పట్టిక విడదీయలేదు. ఈ రెండింటినీ విడదీయడం తరువాతి న్యాయవైద్యానికి ప్రధాన సమస్య అయింది.

అదే అధ్యాయంలో ఆత్మహత్య చేసుకున్న కొందరి శవాలను చండాలుడి చేత తాడు కట్టించి రాజమార్గం వెంట ఈడ్పించాలన్న విధి ఉంది. పరీక్షకు అధికారి, ఈడ్వడానికి చండాలుడు. చూపుకూ స్పర్శకూ మధ్య ఉన్న గీతను శాసనమే గీసింది.

6. దుర్గంధానికి వెరవని అధికారి: సోంగ్ త్సి

1247లో చైనా న్యాయాధికారి సోంగ్ త్సి రచించిన 'షియువాన్ జీలు' శవపరీక్ష మీద వెలువడిన తొలి సమగ్ర గ్రంథాల్లో ఒకటి. పేరుకు 'అన్యాయాలను కడిగివేసే సేకరణ' అని స్థూలంగా అర్థం చెప్పవచ్చు. ఇందులో ఋతువులను బట్టి శవం మారే తీరుకు ప్రత్యేక ప్రకరణం ఉంది. వసంతంలో రెండు మూడు రోజులకు కనిపించే మార్పు వేసవిలో ఒకటి రెండు రోజులకే వస్తుందనీ, స్థూలకాయుల శవాలూ బక్కపలచనివారి శవాలూ ఒకేలా మారవనీ, ఉత్తర దక్షిణ ప్రాంతాల వాతావరణం వేరు కనుక ప్రతి సందర్భాన్నీ విడిగా చూడాలనీ ఆయన హెచ్చరించాడు. వరుసకూ వేగానికీ ఉన్న తేడాను ఇంత స్పష్టంగా గుర్తించడం ఈ రచన విశిష్టత.

ఆ కాలపు చైనాలో శవాన్ని తాకే పని వూజువో అనే సహాయకులది. వారికి సమాజంలో గౌరవం లేదు. వారు గుర్తులను చెబుతుంటే అధికారి నమోదు చేసుకునేవాడు. దూరంగా కూర్చొని వాసన తగలకుండా ధూపం వేయించుకునే అధికారులను సోంగ్ త్సి తప్పుపట్టాడు. దుర్గంధానికి వెనుదీయక దగ్గరకు వెళ్ళి స్వయంగా చూడాలన్నాడు. లేకపోతే సహాయకుడు దాచిన గాయం దాగే ఉంటుందన్నది ఆయన భయం. ఊరివారి కొడవళ్ళన్నీ ఒకచోట పెట్టించగా, కంటికి కనబడని నెత్తుటి జాడ ఉన్న ఒక కొడవలి మీదే ఈగలు వాలాయనీ, దాని యజమాని నేరం ఒప్పుకున్నాడనీ చెప్పే ప్రసిద్ధ వృత్తాంతం ఈ గ్రంథంలోనిదే.

7. ఐరోపా: ఎత్తైన పీఠం నుంచి బల్ల దగ్గరికి

ఐరోపా విశ్వవిద్యాలయాల్లోనూ ఇదే విభజన ఉండేది. ఆచార్యుడు పీఠం మీద కూర్చొని గ్రంథం చదువుతుంటే, కోసే పని మంగలివైద్యుడు చేసేవాడు. 1543లో ప్రచురించిన తన గ్రంథానికి రాసిన ముందుమాటలో వెసేలియస్ ఈ పద్ధతిని ఎద్దేవా చేశాడు. కత్తిని తానే పట్టుకోవడం వల్ల గేలెన్ చెప్పిన తప్పులను సరిదిద్దగలిగాడు.

శైథిల్యం విషయంలో అలాంటి మలుపు 1668లో వచ్చింది. కుళ్ళిన మాంసంలో పురుగులు వాటంతట అవే పుడతాయన్న నమ్మకాన్ని ఇటలీకి చెందిన ఫ్రాంచెస్కో రెడి పరీక్షించాడు. మూత లేని పాత్రల్లో పురుగులు కనిపించాయి. గుడ్డ కప్పిన పాత్రల్లోని మాంసంలో పుట్టలేదు. పురుగు ఈగ సంతానమని తేలింది. పురుగు వయసును బట్టి మరణకాలాన్ని లెక్కించవచ్చన్న తరువాతి ఆలోచనకు ఇది పునాది.

పారిస్‌లోని ఇన్నోసెంట్స్ శ్మశానం మరొక ఘట్టం. శతాబ్దాలుగా నిండిపోయిన ఆ శ్మశానాన్ని, పక్కనున్న ఇళ్ళ నేలమాళిగ గోడ కూలిన ఉదంతం తరువాత 1780లో మూసివేశారు. 1785 నుంచి అక్కడి అవశేషాలను తరలించే సమయంలో థూరే, ఫూర్‌క్రువా అనే శాస్త్రజ్ఞులు మైనంగా మారిన దేహాలను పరిశీలించారు. ఆ పదార్థానికి అడిపోసియర్ అనే పేరు వచ్చింది. తరువాత ఓర్ఫిలా, లెజ్వర్ సమాధుల నుంచి తీసిన శవాలను గురించి 1831లో గ్రంథం ప్రచురించారు. బెర్లిన్‌కు చెందిన కాస్పర్ పేరుతో ఒక సూత్రం ప్రచారంలోకి వచ్చింది. గాలిలో ఒక వారంలో వచ్చే మార్పు నీటిలో రెండు వారాలకు, మట్టిలో ఎనిమిది వారాలకు వస్తుందని దాని సారాంశం. 1894లో మెన్యాఁ శవం మీదికి ఎనిమిది విడతలుగా కీటకాలు వస్తాయని వర్గీకరించాడు.

ఈ పరిశోధనల్లో అధికభాగం చల్లని దేశాలలో జరిగింది. ఆ కొలతలు గ్రంథాలలో చేరి, ఆ గ్రంథాలతో పాటు వేడి దేశాలకు ప్రయాణం చేశాయి.

8. వలసపాలన నాటి భారతదేశం: అరువు తెచ్చుకున్న గడియారం

1856లో నార్మన్ చెవర్స్ బెంగాల్, వాయవ్య రాష్ట్రాల కోసం న్యాయవైద్య గ్రంథాన్ని ప్రచురించాడు. ఇక్కడి నేరాలు, విషాలు, వాతావరణం వేరు కనుక ప్రత్యేక గ్రంథం అవసరమన్నది అందులోని ఉద్దేశం. ఆనాటి పరిస్థితిలో మారుమూల పల్లెలో దొరికిన శవం సివిల్ సర్జన్ ఉన్న పట్టణానికి బండి మీద చేరేసరికి చాలాసార్లు గుర్తించలేని స్థితిలో ఉండేది. శవం కుళ్ళిపోయినందున అభిప్రాయం చెప్పలేమని రాస్తే విచారణ అక్కడే ఆగిపోయేది. తొందరపడి ఏదో ఒక అభిప్రాయం రాస్తే దాని ఫలితం నిందితుడి మీద పడేది.

1920లో మొదటిసారి వెలువడిన జైసింగ్ పి. మోదీ గ్రంథం భారతీయ అనుభవాన్ని కొలతల్లోకి తెచ్చింది. ఉత్తర భారతదేశంలో శవకాఠిన్యం చలికాలంలో 24 నుంచి 48 గంటలు, వేసవిలో 18 నుంచి 36 గంటలు ఉంటుందని ఆ గ్రంథం చెబుతుంది. ఋతువును బట్టి లెక్క మారుతుందన్న సోంగ్ త్సి మాట దాదాపు ఏడు శతాబ్దాల తరువాత భారతీయ వైద్యవిద్యలో అంకెల రూపంలో నిలిచింది.

శవం దగ్గర పని విభజన మాత్రం మారలేదు. 1898, 1973 నేరవిచారణ స్మృతుల్లోని 174వ సెక్షన్ ప్రకారం పోలీసు అధికారి ఇరుగుపొరుగులోని ఇద్దరు లేక అంతకు ఎక్కువమంది గౌరవనీయుల సమక్షంలో విచారణ జరిపి, గాయాల గుర్తులను నమోదు చేయాలి. ప్రస్తుత భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో ఇది 194వ సెక్షన్. తెలుగు వాడుకలో దీనిని శవ పంచనామా అంటారు. చట్టం గౌరవనీయులను పేర్కొంది. శవాన్ని పక్కకు తిప్పేవారిని, బావిలోంచి పైకి తీసేవారిని పేర్కొనలేదు. ఆ పని తరతరాలుగా ఎక్కువగా అణగారిన కులాలవారి మీదే పడింది. పంచనామా కాగితం మీద వారి సంతకం ఉండవలసిన అవసరం లేదు.

9. గడియారం తప్పినప్పుడు

మరణకాల నిర్ణయంలో పొరపాటు ఒక మనిషి జీవితాన్ని తారుమారు చేయగలదు. మూడు ఉదంతాలు ఈ విషయాన్ని మూడు వైపుల నుంచి చూపుతాయి.

1850లో ఫ్రాన్స్‌లోని ఆర్బ్వాలో ఒక ఇంటి పొయ్యి వెనుక గోడలో ఎండిపోయిన శిశువు శవం బయటపడింది. ఆ ఇంట్లో అప్పుడున్న దంపతుల మీద అనుమానం కలిగింది. వైద్యుడు బెర్జెరే కీటకాల దశలను పరిశీలించి, శవాన్ని అక్కడ దాచింది 1848లోనని నిర్ధారించాడు. అనుమానం అంతకుముందు ఆ ఇంట్లో ఉన్నవారి వైపు మళ్ళింది. కీటకాల జీవితకాలం గురించి ఆయన అంచనాల్లో లోపాలున్నాయని తరువాతివారు గుర్తించారు. అయినా శవాన్నీ, దాని పరిసరాలనూ దగ్గరగా పరిశీలించడం వల్ల ఆ దంపతులు బయటపడ్డారు.

1959లో కెనడాలోని ఒంటారియోలో ఒక బాలిక హత్యకేసులో 14 ఏళ్ళ స్టీవెన్ ట్రస్కాట్‌కు ఉరిశిక్ష పడింది. జీర్ణాశయంలోని ఆహారాన్ని బట్టి మరణం సాయంత్రం 7 గంటలకూ 7.45కూ మధ్య జరిగిందన్న వైద్యుడి అభిప్రాయం అందులో కీలకమైంది. ఉరిశిక్షను యావజ్జీవంగా మార్చారు. 1969లో అతడు పెరోల్ మీద విడుదలయ్యాడు. దశాబ్దాల తరువాతి పునర్విచారణలో కీటకశాస్త్రజ్ఞుల సాక్ష్యం కూడా విన్న అప్పీలు న్యాయస్థానం 2007లో అతణ్ణి నిర్దోషిగా ప్రకటించింది. శరీరం ముప్పావుగంట కచ్చితత్వంతో కాలం చెప్పదన్న సత్యం అంగీకారం పొందడానికి 48 సంవత్సరాలు పట్టింది.

మూడో ఉదంతం 1977 నాటిది. అమెరికాలోని టెనెసీ రాష్ట్రంలో తవ్విన ఒక సమాధి దగ్గర ఇంకా మాంసం నిలిచివున్న శవం దొరికింది. మానవశాస్త్రజ్ఞుడు విలియం బాస్ అది మరణించి ఏడాదికి మించని మనిషిదని మొదట అంచనా వేశాడు. అది 1864లో నాష్‌విల్ యుద్ధంలో మరణించిన కల్నల్ విలియం షైదని తరువాత తేలింది. ఇనుప పేటిక, శవానికి పూసిన మందులు దేహాన్ని నిలిపాయి. అంచనా 113 సంవత్సరాలు తప్పింది. బాస్ ఆ తప్పును దాచలేదు. శైథిల్యం గురించి తెలిసింది ఎంత తక్కువో అది నేర్పిందన్నాడు. 1981లో టెనెసీ విశ్వవిద్యాలయంలో, దానంగా వచ్చిన దేహాలను ఆరుబయట ఉంచి మార్పులను రోజువారీగా నమోదు చేసే పరిశోధనాక్షేత్రం పనిచేయడం మొదలైంది. భిక్షువు చూసిన దృశ్యాలనే అక్కడ మళ్ళీ చూస్తున్నారు. ఈసారి ఉష్ణోగ్రత, తేదీ, కీటకం పేరు పక్కన రాస్తూ, శవాన్ని తమ చేతులతో తాకుతూ చూస్తున్నారు.

10. ముగింపు

పై పరిశీలన వల్ల మూడు విషయాలు స్పష్టమవుతున్నాయి. శైథిల్య దశల వరుస ప్రాచీనులకు బాగానే తెలుసు. వేగాన్ని నిర్ణయించే కారణాల జ్ఞానం మాత్రం శవం దగ్గరికి వెళ్ళి, స్థలకాలాలను గమనించి, తాము చూసినదాన్ని నమోదు చేసినవారి వల్లే పెరిగింది. సుశ్రుతుడు, సోంగ్ త్సి, వెసేలియస్, బాస్ వేరువేరు సమాజాల్లో చేసిన పని ఇదే. ఒకచోటి కొలతను మరొకచోటికి పరీక్షించకుండా తీసుకువెళ్ళినప్పుడు గాని, అంచనాను కచ్చితత్వంగా చెప్పినప్పుడు గాని, దాని భారం విచారణలో నిలబడ్డ మనిషి మీద పడింది.

తెలుగు పరిశోధనకు ఇక్కడొక పని మిగిలి ఉంది. కాటికాపరులు, సమాధులు తవ్వేవారు, శవాగార సహాయకులు శైథిల్యాన్ని చెప్పడానికి వాడే మాటలు వృత్తిపదకోశాల్లో విడిగా చేరవలసి ఉంది. నేల తీరును బట్టి, కాలాన్ని బట్టి, దేహాన్ని బట్టి శవం ఎలా మారుతుందో వారికి అనుభవంతో తెలుసు. ఆ పదజాలాన్ని ప్రాంతాలవారీగా, చెప్పినవారి అనుమతితో, వారి పేరుతో సేకరించాలి. అలా సేకరించినప్పుడు ఈ జ్ఞానచరిత్రలో తాకిన చేతికి కూడా చోటు దొరుకుతుంది.